బాతు గొంతు

మైకు ముందు నిలబడితే మంగకు ఏడేళ్లు. ఎర్ర బల్బు ఆరిందంటే యాభై ఏడు. ఆ యాభై ఏళ్లూ ఎటు పోతాయో, మళ్లీ ఎటు నుంచి వచ్చి మీద పడతాయో ఆవిడకే తెలియదు.

కోడంబాక్కం స్టేషను వెనక వీధిలో, కింద పిండిమర ఉన్న మేడ మీద ఉంది శివరామ్ స్టూడియో. స్టూడియో అంటే రెండు గదులు. ఒకదాంట్లో కుర్రాళ్లు కంప్యూటర్ల ముందు కూచుని బాతులకు రెక్కలు గీస్తుంటారు. రెండోదానికి గోడలనిండా దూది పలకలు అంటించి, మధ్యలో మైకు నిలబెట్టారు. పిండిమర తిరిగినంతసేపూ రికార్డింగు లేదు. అది ఆగగానే అందరూ పరుగున లోపలికి దూరి తలుపేసుకోవాలి. ఏసీ కూడా ఆపెయ్యాలి, దాని గుర్రుకు మైకు ఊరుకోదు.

మంగ గాజులు తీసి రుమాల్లో మూట కట్టింది. నూలుచీర కొంగు బొడ్లో బిగించి దోపింది. పట్టుచీర కట్టుకొస్తే ప్రతి కదలికా మైకుకు చాడీలు చెబుతుంది. ఇయర్‌ఫోను ఒక చెవికే తగిలించి, తన గొంతు తనకు వినబడాలని రెండో చెవి ఖాళీగా వదిలేసింది. తర్వాత మడమలెత్తి, గడ్డం పైకెత్తి, ఎడమ చెంపను వేలితో లోపలికి నొక్కి, పళ్లన్నీ కనబడేలా నవ్వింది. నవ్వకుండానే నవ్వు పలికిస్తామనేవాళ్లు కూడా ఉంటారు. వాళ్ల మాట మంగ దగ్గర ఎత్తకూడదు.

"హాయ్ నా బంగారుకొండలూ! ఈ రోజు మీ స్వీటీ మీకోసం ఏం తెచ్చిందో చూస్తారా? తళతళ పొడీ! పాలల్లో ఒక్క చెంచా కలుపుకుని తాగారంటే, మీ రెక్కలు తళా... తళా!"

తెర మీద గులాబిరంగు బాతు ముక్కు, మంగ మాట, రెండూ ఒక్కసారే మూతపడ్డాయి. ఆ బాతు పేరు స్వీటీ. చెరువు గట్టున కర్రకు ఫోను తగిలించుకుని వీడియోలు తీస్తుంది. దాని మాట నమ్మి చెరువులో పిల్లబాతులన్నీ వాళ్లమ్మల ప్రాణాలు తోడి ఆ పొడి కొనిపించుకుంటాయి. మెరుపు రాదు, విరేచనాలు వస్తాయి. అయినా స్వీటీ ఆగదు. ముక్కుకు పాలిష్ అంటుంది, ఈకలకు షాంపూ అంటుంది. ఆఖరికి ఆ చెరువు నీళ్లే ప్యాకెట్లలో పోసి, ఆ చెరువులో ఈదుతున్న పిల్లలకే అమ్ముతుంది. ఫోన్లలో ముద్దుముద్దుగా మాట్లాడి పిల్లల చేత నానా చెత్తా కొనిపించేవాళ్ల మీద శివరామ్ తీస్తున్న ఎగతాళి బొమ్మ ఇది. ఖర్చు పెట్టుకుంటున్నది నెల్లూరు వైపు ఒక వినియోగదారుల సంఘం. ఆదివారం పురసవాక్కంలో తెలుగు పిల్లల ముందు మొదటి ఆట. అక్కడ బాగుందంటే ఊరూరా బళ్లలో వేస్తారు.

సీను చివర బాతు ఫోను ఆపేసి, కప్పు అందుకుని అటు తిరిగి తాగుతుంది. అక్కడ సంగీతం కోసం శివరామ్ కాస్త ఖాళీ వదిలాడు. మాట అయిపోగానే మంగ మడమలు దించేసింది.

"థూ! ఏం పొడిరా ఇది, గొడ్లకు పెట్టినా మూతి తిప్పుకుంటాయి. జెబా, ఏసీ ఎయ్ రా నాయనా, ఉడికిపోతా ఉండాను ఈడ. నా మోకాళ్లు పోతా ఉండాయి. ఇంకెన్ని దఫాలు ఇగిలించాల వీళ్ల మొహాలకి?"

ఇది మంగ సొంత గొంతు. కింద పిండిమర మళ్లీ మొదలైందేమోనని ఎవరైనా కిటికీలోంచి తొంగిచూసేలా ఉంటుంది. అద్దం అవతల జెబకుమార్ నవ్వుతూ ఏసీ వేశాడు. రికార్డింగు ఇంజనీరుగా అతనికో అలవాటు ఉంది. టేకుకూ టేకుకూ మధ్య మిషను ఆపడు. ఆపి మళ్లీ మొదలెడితే ఆర్టిస్టు ఊపు చెడుతుందంటాడు. చెత్త తర్వాత కత్తిరించుకోవచ్చుగా అంటాడు.

శివరామ్ లోపలికి వచ్చి రెండు చేతులూ జోడించాడు. భీమవరం కుర్రాడు, మర్యాద ఎక్కువ. "అదరగొట్టేశారండి మంగగారూ! ఫస్ట్ టైటిల్ కార్డు మీదే మీ పేరండి. స్వీటీ బాతు గొంతు, మంగ అని. ఇంతింత అక్షరాల్తో."

మంగకు కావలసింది అదే, అది తప్ప ఇంకేమీ కాదు. ఇన్నేళ్లలో ఎందరు పిల్లలకు ఏడ్చింది, ఎన్ని కోతులకు కిచకిచలాడింది! బొమ్మ గీసినవాడి పేరు వేస్తారు, రంగు పూసినవాడి పేరు వేస్తారు, భోజనాలు మోసినవాడి పేరు కూడా వేస్తారు. గొంతు ఎవరిదో మాత్రం ఎవడికీ పట్టదు. ఈసారి పడుతుందని కూరగాయలమ్మికి చెప్పింది, పిండిమర అతనికి చెప్పింది, ఇస్త్రీ బండివాడికి అడక్కపోయినా చెప్పింది. మొగుడు కోదండరాంకైతే అన్నం వడ్డించినప్పుడల్లా చెప్పింది.

*

శుక్రవారం సాయంత్రం వీధిలో తెలుగు పిల్లల్ని పోగుచేసి, స్టూడియోలో చాప పరిచి, బొమ్మ వేసి చూపించారు. మంగ కింది వాటాలో ఉండే సింధూరి కూతురు ప్రణతి అందరికంటే ముందు కూచుంది. రెండో తరగతి. సింధూరి పని నుంచి వచ్చేదాకా ఆ పిల్ల మంగ దగ్గరే ఉంటుంది.

పిల్లలు బాగా నవ్వారు. చెరువు నీళ్ల ప్యాకెట్ దగ్గర ఒకడు పక్కవాడి మీద పడి దొర్లాడు. శివరామ్ మొహం వెలిగిపోయింది. లైటు వేసి ముందుకొచ్చి నిలబడ్డాడు.

"పిల్లలూ, ఏం అర్థమైందర్రా మీకు?"

ప్రణతి చెయ్యెత్తింది. "ఆ పొడి యాడ దొరుకుతుంది అంకుల్?"

"చాక్లెట్ ఫ్లేవర్ ఇరుక్కా? ఉందా?" అన్నాడు ఇంకొకడు, అరవం కలిపి.

దొర్లినవాడు లేచి కూచుని, పెద్దమనిషిలా, "నాకు నీళ్ల ప్యాకెట్ వద్దు. అది మోసం. పొడి మాత్రం చాలు," అన్నాడు.

మంగకు ముందు నవ్వొచ్చింది. తర్వాత, నిజం చెప్పాలంటే, కాస్త గర్వం కూడా వేసింది. నా గొంతు అంత తీయగా ఉండాదా అనుకుంది. ఆ గర్వం ఎక్కువసేపు నిలవలేదు. పిల్లలు వెళ్లిపోయాక శివరామ్ వరండాలో ఫోను మాట్లాడి వచ్చి, బల్ల అంచు గోటితో గీకుతూ నిలబడ్డాడు.

"సంఘం సెక్రటరీగారండి. బాతు మరీ ముద్దొచ్చేస్తోందంట. ఇదే పిల్లల చేత కొనిపించేలా ఉందంటున్నారండి. గొంతు మార్చమన్నారు."

"మార్చడమంటే?"

"రేపు ఓసారి విలన్‌లాగా ప్రయత్నిద్దామండి. గరుగ్గా, భయం పుట్టేలాగా. అదీ కుదరకపోతే మాత్రం..."

మాత్రం తర్వాత ఏముందో మంగకు తెలుసు. ఇంకొకరి గొంతు, ఇంకొకరి పేరు. సరేనని తల ఊపి, రుమాలు విప్పి గాజులు వేసుకుంది. ఒక గాజు పగిలింది.

*

ఇంటికొచ్చేసరికి సింధూరి గుమ్మంలో నిలబడి ఉంది. "ఏంది పిన్నీ ఇది? పొడి కావాలని ఇది పాలు తాగనంటా ఉండాది. చేసినది నువ్వే, నువ్వే సర్దు," అని కూతుర్ని మంగ ముందుకు తోసింది.

మంగ పిల్లను పక్కన కూచోబెట్టుకుంది. "ప్రణతీ, ఆ పొడి అబద్ధం. ఆ మాటలు బాతు చెప్పలా. నేను చెప్పినా."

"పో అవ్వా, సుమ్మా, ఊరికే చెప్పొద్దు. నీ గొంతు అట్లుండదు."

"నేనేనమ్మా! స్టూడియోలో నిలబడి నేనే చెప్పినా."

"అయితే నువ్వు చెప్తే నిజమే గదా," అంది ప్రణతి.

అంతలో కోదండరాం వచ్చాడు. పురసవాక్కంలో పెద్ద బట్టల కొట్లో సేల్స్‌మన్. పొద్దున్నుంచి చీరలు పరిచి, మళ్లీ మడిచి, భుజాలు పడిపోయి వస్తాడు. చెప్పులు విప్పుతూనే ప్రణతిని చూసి చేతులు తిప్పాడు.

"దొరకలేదమ్మా నీ పొడి! నువ్వు ఫోన్లో చెప్పినాక రెండు కొట్లలో అడిగినా."

మంగ గుండె మీద చెయ్యేసుకుంది. "అడిగినారా? లేని పొడిని? వాళ్లేమన్నారు?"

"ఒకడు, స్టాకు అయిపోయింది సార్, సోమవారం వస్తుందన్నాడు. ఇంకొకడు, అది నిలిపేసినారు, దానికంటే మంచిది ఉండాది చూడండి అన్నాడు." కోదండరాం తుండుతో మొహం తుడుచుకున్నాడు. "వాళ్లనేం అంటావు? కొట్లో కూచుని లేదనే మాట నోటెంట రాకూడదు. మేమూ అంతే. నీలం చీర లేకపోతే లేదనం, ఈ పచ్చది మీకు బాగా నప్పుతుందమ్మా అంటాం."

"చూసినావా అవ్వా, సోమవారం వస్తుందంట!" అని ప్రణతి చప్పట్లు కొట్టింది.

మంగ తలపట్టుకుంది. మొగుడి మీద కోపం, నవ్వు కలిసి వచ్చి ఎక్కిళ్లు పట్టుకున్నాయి. ఆ ఎక్కిళ్ల మధ్యే పేరు సంగతి చెప్పింది. విలన్ గొంతు కుదరకపోతే బాతు చేజారినట్టే అంది. కోదండరాం నీళ్ల చెంబు అందించాడే గానీ, ఎగతాళి చెయ్యలేదు. ఆవిడ బాధ నిజమైనదని ఆయనకు అప్పుడే తెలిసింది.

*

శనివారం బడి లేదు. సింధూరికి మాత్రం పని ఉంది. మంగ ప్రణతిని వెంటబెట్టుకునే స్టూడియోకు వెళ్లింది. పిల్లను జెబకుమార్ పక్కన స్టూలు మీద కూచోబెట్టి, కిమ్మనకూడదని ఒట్టు వేయించుకుంది.

పిండిమర ఆగింది. మంగ మడమలు నేలకు ఆనించి, గడ్డం గుండెకు తాకించి, గొంతు కిందికి దించి, "హాయ్ నా బంగారుకొండలూ," అంది. ఆ మాటకు గదిలో గాలే చెడినట్టయింది. రెండుసార్లు, నాలుగుసార్లు అంది. పళ్లు బిగించి అంది, ముక్కుతో అంది.

ప్రణతి చెవులు మూసుకుంది. "ఇది పూచాండి అవ్వా. బూచోడు. బూచోడు పొడి ఇస్తే ఎవురు కొంటారు?"

శివరామ్ దిగాలుగా గోడకు ఆనుకున్నాడు. పిల్ల అన్నదీ నిజమే. ఇంత భయంకరంగా అరిచే బాతు మాట విని పిల్లబాతులు ఎందుకు కొంటాయి? మోసగాళ్లంతా మోసగాళ్లలాగే మాట్లాడితే లోకంలో ఇబ్బందే లేదు.

"పాతది ఒక దఫా పోడప్పా, వేసి చూడు," అన్నాడు జెబకుమార్ తనతో తానే. "రెండూ పక్కపక్కన విందాం సార్." అని పాత రికార్డింగును బొమ్మ మీద వేసి నడిపించాడు. నిన్న పిల్లలకు వేసింది కాదు, కత్తిరించకముందుది.

స్వీటీ తళా తళా అంటూ రెక్కలూపింది. ముద్దుగా కన్నుకొట్టింది. ఫోను ఆపింది. కప్పు అందుకుని అటు తిరిగింది. తిరిగి, "థూ! ఏం పొడిరా ఇది, గొడ్లకు పెట్టినా మూతి తిప్పుకుంటాయి," అంది. "జెబా, ఏసీ ఎయ్ రా నాయనా, ఉడికిపోతా ఉండాను ఈడ. నా మోకాళ్లు పోతా ఉండాయి. ఇంకెన్ని దఫాలు ఇగిలించాల వీళ్ల మొహాలకి?"

జెబకుమార్ చెయ్యి ఆపే మీటకు ఒక క్షణం ఆలస్యంగా చేరింది. అప్పటికే ప్రణతి స్టూలు మీంచి జారి కింద కూచుని, పొట్ట పట్టుకుని నవ్వుతోంది. ఒట్టు గిట్టు ఏమీ లేదు. "ఇంకోసారి! అంకుల్, ఇంకోసారి!"

ఇంకోసారి వేశాడు. మరోసారి వేశాడు. ఆ తర్వాత ప్రణతి నవ్వు ఉన్నట్టుండి ఆగిపోయింది. తెర దగ్గరకు పోయి, బాతు వీపు వంక చూస్తూ నిలబడింది.

"అంటే... ఆ పొడి దానికే ఇష్టం లేదా?"

తెర మీది కప్పును వేలితో పొడిచింది.

"అది తాగదా? మనకు మాత్రం తాగమని చెప్తా ఉండాదా?" పిల్ల మొహం ఎర్రబడింది. "అబద్ధాల బాతు!"

శివరామ్ గోడ వదిలి ముందుకు దూకాడు. "అయ్యబాబోయ్! ఇదేనండీ! ఫోను ముందు తేనె, ఫోను ఆపాక ఇదీ. ప్రతి సీను చివరా కప్పు తీసుకుని అటు తిరుగుతుంది కదండీ, మూతి కూడా కలపక్కర్లేదు. మంగగారూ, నాకు ప్రతి సీనుకూ ఇలాంటిదొకటి కావాలండి!"

"కుదరదు," అంది మంగ.

"ఏవండీ?"

"కుదరదంటే కుదరదు. అది నా వంటింటి గొంతు రా. పాలవాడితో, పనిమనిషితో తగాదా పడే గొంతు. ఇన్నేళ్లుగా మైకుకు దాన్ని వినిపించకుండా దాచుకున్నా. ఇప్పుడు దాన్ని తెచ్చి తెర మీద పెట్టి, కింద ఇంతింత అక్షరాలతో నా పేరు ఏస్తావా? వీధి వీధంతా చెప్పుకున్నానే నేను, వచ్చి చూడండి, నా గొంతు వినండి అని! వచ్చి ఇదా వినేది?"

చెబుతుంటే ఆవిడ కళ్లలో నీళ్లు తిరిగాయి. అద్దం అవతల జెబకుమార్ తల దించుకున్నాడు. శివరామ్ వెనక్కి తగ్గాడు.

"మీకు ఇష్టం లేకుండా పెట్టనండి. చెరిపేయిస్తాను. సెక్రటరీగారు ఇంకో ఆర్టిస్టుని పిలుస్తానన్నారు, పిలవనివ్వండి."

మంగ రుమాలు విప్పింది. ఒక గాజు వేసుకుంది. రెండోది వేళ్ల దగ్గరే ఆగిపోయింది. ఇంకెవరో వచ్చి తన బాతుకు మాటలు చెబుతారన్న ఊహ పంటి కింద రాయిలా తగిలింది. ఇటు చూస్తే ప్రణతి ఇంకా తెర ముందే నిలబడి, బాతు వీపుకు వేలు చూపించి తిడుతోంది. నిన్న ఎంత మొత్తుకున్నా దిగని మాట ఆ పిల్లకు దిగింది. తన తీపి గొంతు చెయ్యలేని పని ఈ దిక్కుమాలిన గొంతు చేసింది. ఆ సంగతి మంగకు సంతోషంగా లేదు, కానీ కాదనడానికీ లేదు.

వేసుకున్న గాజు మళ్లీ తీసేసింది.

"పెట్టుకో. అన్ని సీన్లకూ చెప్తా. నా పేరు మాత్రం తీసెయ్."

"పేరు లేకపోతే ఎలాగండీ? మీరు..."

"గొంతు కావాల్నా నీకు, పేరు కావాల్నా? ఏదో ఒకటి తీసుకో. మళ్లీ మనసు మారకముందే చెప్పు."

శివరామ్ గొంతే తీసుకున్నాడు. ఆ మధ్యాహ్నం మంగ కుర్చీ వేయించుకుని, కాళ్లు చాపి కూచుని, బాతు తరఫున లోకాన్నంతా తిట్టిపోసింది. షాంపూను తిట్టింది, పాలిష్‌ను తిట్టింది. చెరువు నీళ్ల ప్యాకెట్‌ను చూసి, "దీన్ని కూడా కొంటారా? కొంటారు, కొంటారు. నోరు తీపిగా ఉంటే బురద కూడా కొంటారు," అంది. చెంప నొక్కుకోలేదు, మడమలెత్తలేదు. జెబకుమార్ నవ్వాపుకోలేక రెండు టేకులు పాడుచేశాడు.

*

ఆదివారం పురసవాక్కంలో హాలు నిండింది. మంగ ఆఖరి వరసలో, స్తంభం పక్కన, కొంగు భుజాలనిండా కప్పుకుని కూచుంది. కోదండరాం కొట్టుకు సగం పూట సెలవు పెట్టి వచ్చి పక్కన కూచున్నాడు. సింధూరి ప్రణతిని తీసుకుని ముందు వరసలో కూచుంది. ఇస్త్రీ బండివాడు రాలేదు. రావొద్దని మంగే చెప్పింది.

మొదటి సీను చివర స్వీటీ కప్పు అందుకుని థూ అనగానే, హాలు నవ్వులతో పగిలిపోయింది. మూడో సీనుకు పిల్లలకు లెక్క తెలిసిపోయింది. బాతు బంగారుకొండలూ అని మొదలెట్టగానే, "ఫోను ఆపు! ఫోను ఆపు!" అని అరవసాగారు. అది ఆపి అసలు మాట మాట్లాడితే బెంచీలు కొట్టారు. అంతా అయ్యాక శివరామ్ వేదికెక్కి భయం భయంగా అడిగాడు. "పొడి ఎవరికి కావాలర్రా?"

"వద్దూ!" అన్నాయి ఆ గొంతులన్నీ. ఒక బుడ్డది మాత్రం, "మా అక్కకు ఇవ్వండి," అంది.

పేర్లు పడ్డాయి. బొమ్మలు గీసినవాళ్లు, రంగులు, సంగీతం, జెబకుమార్, టీ తెచ్చే అతను. మంగ చూడకూడదనుకుంటూనే చివరిదాకా చూసింది. తనే తీసెయ్యమంది, తీసేశారు. మరి ఈ దుఃఖం ఎందుకో! కోదండరాం ఆవిడ చేతి మీద చెయ్యి వేశాడు. ఆవిడ ముక్కు చీది లేచి, జనం కదలకముందే బయటికి నడిచింది.

గేటు దగ్గర ఆటో ఉంది. కోడంబాక్కానికి ఎంతని అడిగితే, డ్రైవరు ఆకాశం వంక చూసి, వచ్చేటప్పుడు ఇచ్చినదానికి రెండింతలు చెప్పాడు. మంగకు ఎక్కడో దాచుకున్న ఏడుపంతా కోపమై పైకొచ్చింది.

"ఎన్నప్పా, బాడుగ ఆటోకా ఇల్లుకా చెప్తా ఉండావు? మీటరు యాడ? దేవుడి పటం పక్కన పెట్టి పూజ చేస్తా ఉండావా దానికి? పొద్దున లేచినకాడినించీ ఈ ఊర్లో ఒకడన్నా న్యాయమైన మాట..."

వెనక మెట్ల మీద గోల ఆగిపోయింది. బయటికి వస్తున్న పిల్లలంతా అక్కడికక్కడే నిలబడిపోయారు. ఎవడో ఒకడు నెమ్మదిగా, "డేయ్," అన్నాడు. "స్వీటీ డా!"

"ఆమా! అవును, స్వీటీయే!"

మంగ ఇంకా వాక్యం పూర్తి చేయలేదు. చుట్టూ పిల్లలు ముసిరేశారు. కొంగు లాగేవాడొకడు, చెయ్యి పట్టుకునేదొకతి. ఇంకొకడు ఆవిడ నోట్లోకి తొంగిచూశాడు. ఇన్నేళ్ల సర్వీసులో, ఎన్ని సినిమాహాళ్లలోనో, ఎన్ని పెళ్లిళ్లలోనో ఆవిడ నోరు తెరిచింది. ఒక్కరంటే ఒక్కరు గొంతు విని తల తిప్పిన పాపాన పోలేదు. తిప్పడానికి తెర మీద వినబడింది ఆవిడ గొంతైతే కదా!

"మా అవ్వే!" అని ప్రణతి అందర్నీ మోచేతులతో నెట్టుకుంటూ వచ్చి మంగ నడుము పట్టుకుంది. "మా మేడ మీద అవ్వే! రోజూ నాకు అన్నం పెట్టేది ఈ గొంతుతోనే!"

"అవ్వా, నిజం చెప్పు," అన్నాడు ఒక కళ్లజోడు పిల్లాడు, చాలా గంభీరంగా. "టీవీలో ఆ పాలపొడి, ఆ బిస్కెట్లు, అవన్నీ చెప్పేవాళ్లు కూడా ఫోను ఆపినాక ఇట్లే అంటారా?"

మంగ వాడి వంక చూసింది. వాడు అడిగిన బిస్కెట్లలో ఒకదానికి కిలకిల నవ్వింది తనే. ఆ బిస్కెట్ తను ఒక్కనాడూ కొనలేదు. ఈసారి గడ్డం ఎత్తలేదు, చెంప నొక్కలేదు.

"అంటారు నాయనా," అంది. "నేను అన్నా."

పిల్లలు ఘొల్లుమన్నారు. వాడు మాత్రం నవ్వకుండా తల ఊపి, విషయం తేలింది కాబట్టి వాళ్లమ్మను వెతుక్కుంటూ వెళ్లిపోయాడు. ఆటో డ్రైవరు సీటు మీంచి వంగి, ఈవిడ ఎవరని కోదండరాంను అడిగాడు. కోదండరాం ఛాతీ విరిచి, బాతు అన్నాడు. డ్రైవరు ఏమనుకున్నాడో ఏమో, మీటరు మీద కప్పిన గుడ్డ తీసేశాడు.

శివరామ్ పరిగెత్తుకుంటూ వచ్చాడు. సెక్రటరీగారు ఒప్పుకున్నారని, ఊరూరా వేస్తామన్నారని, రొప్పుతూ చెప్పాడు. మంగ ఆటోలో కూచుని, ప్రణతిని ఒళ్లోకి లాక్కుని, చీర కుచ్చెళ్లు సర్దుకుంది. సర్దుకున్నవే మళ్లీ సర్దుకుంది.

"శివరామూ," అంది. "ఆ పేరు... యాడన్నా చోటు మిగిలుంటే పెట్టెయ్ నాయనా. చిన్న అక్షరాలైనా సరే."

శివరామ్ మొహమంతా నవ్వయింది. అలాగేనండీ అన్నాడు. ఆటో కదిలింది. పిల్లలు కొంతదూరం వెంట పరిగెత్తారు. మలుపు తిరగబోతుండగా మంగ డ్రైవరు భుజం తట్టి ఆపించి, తల బయటికి పెట్టి, వీధంతా వినబడేలా తన గొంతుతోనే అరిచింది.

"మరీ చిన్నవి ఒద్దు!"